ముందు వరుసలో మా సునీత

తణుకు, 30 మార్చి 1997, ఈస్టర్ రాత్రి

పై పన్ను ఊడిపోయాక ట్రాంబోన్ ఊదడం నావల్ల కాలేదు. అందుకే ఈ తెల్లవారుజామున సమాధుల తోటకి వెళ్ళే ఊరేగింపులో నా బదులు మా అమ్మాయి సునీత వాయించింది.

బయల్దేరేముందు సంఘపెద్ద దానియేలు గారు నా దగ్గరకొచ్చారు. "ఆడపిల్ల కదండీ మాస్టారూ, బ్యాండులో వెనక నడవమనండి," అన్నారు. నేను నోరు తెరిచేలోపే సునీత అందుకుంది. "వెనకుంటే ఈ గొట్టం తోసినప్పుడల్లా ముందువాళ్ళ వీపుకి తగులుద్దండి. అందుకే ట్రాంబోన్‌ని ఎప్పుడూ ముందు వరుసలో పెడతారండి." ఆయన పక్కకి తప్పుకుని దారిచ్చారు.

తోట గేటు దగ్గర, కీర్తన ఆఖరి చరణంలో ఉలిక్కిపడి సునీత వంక చూశాను. నా జాజ్ సంగీతం క్యాసెట్టులో ట్రాంబోన్ ఊదే అమెరికా ఆయన ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి మనిషి గొంతులా జారుతూ వెళ్తాడు. అచ్చం అలాగే జార్చింది. చర్చి పాటల్లో అలాంటివి వద్దని ఎన్నిసార్లు చెప్పానో. తీరా చూస్తే వెనక పాడేవాళ్ళంతా దానితోపాటే గొంతు సాగదీశారు. అందరికంటే పైన వినిపించింది దానియేలు గారి గొంతు.

"మీరే నేర్పారా అండీ?" అని తర్వాత అడిగారు.

"లేదండీ, అది నా చేత కూడా కాదు," అన్నాను. ఆ మాట చెప్పడానికి ఇంత సంతోషంగా ఉంటుందనుకోలేదు.

రేపెప్పుడైనా ఇది పెళ్ళిళ్ళ బ్యాండులో కూడా వాయిస్తానంటే వాళ్ళమ్మకి ఏం చెప్పాలో తెలియడం లేదు.

పన్ను కట్టించుకుంటే మళ్ళీ ఊదొచ్చని డాక్టరుగారు అన్నారు. కట్టించుకోవాలి. తొందరేం లేదు.