నాలుగు మిల్లీమీటర్ల ఐపీస్

శుక్రవారం రాత్రి, జగ్గయ్యపేట

అక్క చూపు రోజురోజుకీ తగ్గిపోతోంది. పూర్తిగా పోయేలోపు శనిగ్రహం వలయాలు చూడాలని తన కోరిక. చూపిస్తానని మాటిచ్చాను.

టెలిస్కోప్‌తో కన్ను ఆనించి చూసే కటకాలు, రెండు ఐపీస్‌లు వచ్చాయి. బాగా పెద్దగా కనిపిస్తుందని నాలుగు మిల్లీమీటర్లదే పెట్టాను. సాయంత్రం వెలుతురుండగానే సిమెంట్ ఫ్యాక్టరీ పొగగొట్టానికి గురిపెట్టి, టెలిస్కోప్ మీదుండే చిన్న గురిగొట్టం, ఫైండర్‌ని సరిచేసుకున్నాను కాబట్టి, చీకటి పడగానే డాబా మీద శని తేలిగ్గా దొరికింది. వలయాలతో సహా! పరుగున కిందికెళ్లి, అక్కను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను.

కన్ను ఆనించి చాలాసేపు చూసింది. "అబ్బ, ఎంత బాగుందే! అచ్చం పుస్తకంలో బొమ్మలానే ఉంది," అంది. నాకు ఏడుపొచ్చేసింది.

అక్క పక్కకు జరగ్గానే నేనూ చూశాను. అంతా నలుపు. ఆ ఐపీస్‌లో ఏ గ్రహమూ నిమిషం కూడా నిలవదు, భూమి తిరుగుతుంటుంది కాబట్టి పక్కకు జరిగిపోతుంది. మేం మెట్లెక్కేలోపే శని వెళ్లిపోయింది.

"మళ్లీ పెడతానుండక్కా," అన్నాను.

"చాల్లేవే, చూసేశాగా," అని తడుముకుంటూ దిగిపోయింది.

కనిపించకపోవడం తన కళ్ల తప్పే అనుకుంది. ఇప్పుడు పక్కగదిలో ఏడుస్తోంది, నాకు వినబడకూడదని దుప్పటి కప్పుకుని. లేచి వెళ్లాలి. అక్కా, అక్కడ నిజంగానే ఏమీ లేదు అని చెప్పాలి. చెప్పినా నమ్మదు. ఓదార్చడానికి అబద్ధమాడుతున్నాననుకుంటుంది, తను నాకోసం ఆడినట్టే.