అందరం దొరికిపోయాం

పెద్దక్కా, నా తల్లీ,

ముందు కూర్చో. చేతిలో పనేదైనా ఉంటే పక్కన పెట్టు. బావగారిని కూడా పిలువు, కానీ ఉత్తరం మాత్రం నువ్వే చదివి వినిపించు. ఆయన వాక్యానికోసారి గొంతు సవరించుకుంటారు, అంతసేపు ఆగే ఓపిక నాకు లేదు. నాకు ఉద్యోగం వచ్చిందక్కా! ప్రభుత్వాన్ని మోసం చేసే ఉద్యోగం. ఇచ్చింది కూడా ప్రభుత్వమే.

నవ్వకు, వివరంగా చెబుతాను. మా నాటక సమాజం మూతపడి, హాలు ఫ్రిజ్‌ల గోడౌను అయ్యాక నేను ఉపాధి ఆఫీసులో నిరుద్యోగ భృతి తీసుకుంటున్న సంగతి నీకు తెలిసిందే. మొన్న వరసలో నిలబడీ నిలబడీ కాళ్ళు పీకుతుంటే ఏదో సరదాకి కౌంటర్లో ఉండే కళ్ళజోడాయన్ని అనుకరించి చూపించాను. ఆయన కార్డు అందుకుని, అద్దాల పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి చూసి, "మీరేనా మీరు?" అంటాడు. అచ్చం అదే గొంతుతో నేననగానే వరసంతా గొల్లుమంది. అంతలోనే గప్‌చుప్. వెనక్కి తిరిగి చూస్తే డైరెక్టరమ్మ! ఉపాధి శాఖ మొత్తానికి పెద్ద.

"లోపలికి రండి" అంది. అయిపోయింది, నా భృతి గోవిందా అనుకున్నాను. ఆవిడ తలుపు వేసి, "ఇప్పుడు నన్ను చెయ్యండి" అంది. చేశాను. మాట్లాడే ముందు పెన్ను మూత తీస్తుంది, పెడుతుంది, మళ్ళీ తీస్తుంది. చూసి నవ్వలేదు. చేతిలోని పెన్ను మాత్రం సొరుగులో పడేసింది.

"కార్డులు అద్దెకి తిరుగుతున్నాయమ్మా" అంది. "ఒకే మనిషి నలుగురి పేర్లమీద పట్టుకుపోతున్నాడు. ఉద్యోగాలున్నవాళ్ళూ వచ్చి నిలబడుతున్నారు. నిజంగా అవసరమున్నవాళ్ళకి చాలడం లేదు. అందుకే పద్ధతి మారుస్తున్నాను. ఇకమీదట ప్రతి మనిషినీ మావాళ్ళు కూర్చోబెట్టి, చేసిన పని గురించి మాట్లాడిస్తారు. దొంగ ఎవరో మాటల్లోనే తెలిసిపోతుంది. అనుమానం వస్తే భృతి ఆపేస్తారు. ఈ ఆఫీసులో మొదలుపెడుతున్నాం, మిగతా ఊళ్ళలో పెట్టే ముందు ఒక మంచి దొంగ కావాలి నాకు. మీరు వేషాలు వేసుకుని, వేరేవాళ్ళ కార్డులతో రావాలి. మావాళ్ళు పట్టుకుంటారో లేదో చూద్దాం."

నెల జీతం, అక్కా! మేకప్ పెట్టె అటకమీద నుంచి దించాను. దుమ్ము దులిపి, అద్దం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

నీ చెల్లెలు,
గంట

*

పెద్దక్కా,

"ఒళ్ళు దగ్గర పెట్టుకో, నిజంగానే జైల్లో పడేస్తారేమో" అని రాశావు. నన్నెవరూ పట్టుకోలేదే! క్రేన్ నడిపేదాన్నయ్యాను. ఆస్పత్రిలో ఆయానయ్యాను. రొట్టెల బట్టీలో పనిచేసి చేతులు కాల్చుకున్న ముసలమ్మనయ్యాను. ఆ ముసలమ్మకి కళ్ళజోడాయన తన కుర్చీ ఇచ్చి, మంచినీళ్ళు తెప్పించాడు. అద్దాల పైనుంచీ చూళ్ళేదు, కిందనుంచీ చూళ్ళేదు, పాపం, తుడుచుకున్నాడు. ఇంటికొచ్చి ఒక్కదాన్నే గెంతులేశాను. కింది వాటావాళ్ళు చీపురుకర్రతో పైకప్పు మీద పొడిచారు.

డైరెక్టరమ్మ కూడా పొంగిపోయింది. ఈ ఉద్యోగం పర్మనెంట్ చేస్తానంది, అన్ని ఊళ్ళ ఆఫీసులకీ తిరిగి ఇలాగే పరీక్షించాలట. "మీ వేషాలకి మోసపోకుండా ఉండేలా మావాళ్ళకి తర్ఫీదు ఇద్దాం, అడిగే ప్రశ్నలు పెంచుదాం" అంది. ఎగిరి గంతేసి ఒప్పుకోవాల్సిందే కదా. ఒప్పుకోలేదు. ఎందుకో చెబుతాను.

ముసలమ్మ వేషంలో నేను బయటికొచ్చి నీడన కూర్చుంటే, నా తర్వాత లోపలికి పిలిచిన మనిషి కాసేపటికే బయటికొచ్చేశాడు. వెల్డింగ్ పనివాడు. నిజమైనవాడు. ఇనుప సామాన్ల కారఖానా మూసేస్తే రోడ్డున పడ్డాడు. మెట్లమీద కూలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు.

"ఏమైంది బాబూ?" అన్నాను, వేషంలోనే.

"అనుమానం అని రాశాడమ్మా. ఒక ప్రశ్నకి జవాబు చెప్పేలోపు ఇంకోటి అడిగాడు. నాకు మామూలుగానే మాట తడబడుద్ది. చివరికి నేను నిజంగా వెల్డింగ్ చేశానా లేదా అని నాకే అనుమానం వచ్చింది."

నేను చెప్పిన అబద్ధానికి మంచినీళ్ళు, అతను చెప్పిన నిజానికి గేటు! ఇది దొంగల్ని పట్టే పద్ధతి కాదక్కా, మాటకారుల్ని ఎంచుకునే పద్ధతి. ప్రశ్నలు పెంచితే నాకేం నష్టం? ఇంకా బాగా నటిస్తాను. పోయేది అతనే.

ఇంకో మాట. నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. పోయిన ఏడాది మా నాటక సమాజం మాస్టారు ఒక్క రోజు నాటకానికి పిలిచాడు, మంచి పాత్ర. గొంతు బాగాలేదని మానేశానని నీకు రాశాను గుర్తుందా? గొంతుకేమీ కాలేదు. ఒక్కరోజు సంపాదించినట్టు తెలిస్తే నెల భృతంతా కోసేస్తారు, అదీ రూలు. దాచిపెట్టి ఆడే ధైర్యం లేక మానేశాను. ఆ సాయంత్రం దీపం కూడా వెయ్యకుండా ఆ పాత్ర మాటలన్నీ వంటింట్లో గొంతు తగ్గించి చెప్పుకున్నాను. గంటలాంటి గొంతని గంట అని పిలిపించుకున్నదాన్ని, గుసగుసగా. అప్పట్నుంచి మాస్టారికి మొహం చూపించలేదు.

రేపు చూపిస్తాను. ఆయనతో పనిపడింది. డైరెక్టరమ్మతో ఒక పందెం వేశాను. గెలిస్తే నా ఉద్యోగం పోతుంది. దీవించు.

నీ
గంట

*

పెద్దక్కా! పెద్దక్కా! పెద్దక్కా!

ఎక్కడ మొదలుపెట్టను? మాస్టారి గుమ్మం దగ్గర మొదలుపెడతాను. తలుపు తీసి, "గొంతు బాగైందా?" అన్నాడు. గడపలోనే నిలబడి మొత్తం చెప్పేశాను. ఆయన పకపకా నవ్వాడు. "పిచ్చిదానా, నువ్వు రాలేదని ఇంకొకణ్ణి అడిగితే వాడికి మోకాలి నొప్పన్నాడు. మరో ఆవిడకి నడుము. ఆఖరికి నాకే తలనొప్పొచ్చి నాటకం మానేశాను. నేనూ భృతి మీదే ఉన్నాను కదే!" మేం విడిపోయింది హాలు పోయినందుకు కాదక్కా. ఆ ఒక్క రూలుకి భయపడి ఒకరికొకరం అబద్ధాలు చెప్పుకుని విడిపోయాం.

మర్నాటికి పాత సమాజంవాళ్ళం ఆరుగురం కలిశాం. నా పందెం ఇది: వరసలో మేం ఆరుగురు దొంగలం, మరో ఆరుగురు నిజమైన నిరుద్యోగులు. ఎవరెవరో తేల్చాలి. డైరెక్టరమ్మ స్వయంగా కూర్చుంది, పక్కన కళ్ళజోడాయన. మా మాస్టారు బావులు తవ్వేవాడిగా వచ్చి, మట్టి విరిగిపడ్డ సంగతి చెబుతుంటే గుమాస్తాలు పని మానేసి విన్నారు. సాయంత్రానికి లెక్క తేలింది. దొంగలం ఆరుగురం పాసు. నిజమైనవాళ్ళలో నలుగురు ఫెయిలు, మన వెల్డింగతను మళ్ళీ!

డైరెక్టరమ్మ మొహం ఎర్రబడింది. "అయితే ఏం చెయ్యమంటారు? దొంగల్ని వదిలెయ్యమంటారా?" అంది, కోపంగానే.

"మొహాలు చూడ్డం మానెయ్యండి మేడమ్" అన్నాను. "పనిచేసినచోట జీతాల చిట్టాలుంటాయి కదా, అవి మీరే తెప్పించి చూసుకోండి. అద్దెకి తిప్పే కార్డులు తీసేసి, ఎవరి డబ్బు వాళ్ళ బ్యాంకు ఖాతాలోనే వెయ్యండి. ఇంకొకటి. రెండు రోజులు పని దొరికిందని చెబితే ఆ రెండు రోజులదే కొయ్యండి. నిజం చెప్పినవాడికి నెలంతా పస్తు పెడితే ఎవరు చెబుతారు? నేనే చెప్పను!"

పెద్దగా అరిచానట. గాజు తలుపు అదిరిందని తర్వాత మాస్టారు చెప్పాడు.

ఆవిడ ఫెయిలైన నలుగురి కాగితాలూ తీసుకుని లేచి వెళ్ళిపోయింది. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. రెండు నెలల తర్వాత కబురొచ్చింది: "కొత్త పద్ధతి తయారైంది. మీ దొంగల్ని తీసుకుని రండి."

వెళ్ళాం. వేషాలు వేశాం, ఏడ్చాం, మూలిగాం, కళ్ళు తిరిగి పడ్డాం. ఆరుగురం దొరికిపోయాం, అక్కా! మాస్టారు గుండెలు కరిగేలా కంటతడి పెట్టుకుంటే, కంప్యూటర్ తెరమీద "వివరాలు సరిపోలలేదు" అని వచ్చింది. "ఇంత రాతిగుండె ప్రేక్షకుణ్ణి నా అనుభవంలో చూళ్ళేదు" అన్నాడు ఆయన. కళ్ళజోడాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. వెల్డింగతను నోరు విప్పే పనే పడలేదు. కారఖానా చిట్టాలో అతని పేరుంది, ఆపేసిన నెలలది కూడా కలిపి ఖాతాలో పడింది. మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, ఏదో చెప్పబోయి, తడబడి, మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

ఇక దొంగ అక్కర్లేదు కాబట్టి నా ఉద్యోగం నిజంగానే పోయింది. మళ్ళీ భృతి మీదే ఉన్నాను. అయ్యో అనకు! శని, ఆదివారాలు బడి హాల్లో నాటకం ఆడాం. గొంతు ఎత్తి, ఆఖరి బెంచీ దాకా వినబడేలా. సోమవారం ఆఫీసుకెళ్ళి, పోయినవారం రెండు రోజులు పనిచేశానని చెప్పాను.

కళ్ళజోడాయన గొంతు తగ్గించి, "ఒకరోజే అని రాయనా? ఎవరడుగుతారు?" అన్నాడు, అభిమానంకొద్దీ.

"రెండూ రాయండి" అన్నాను. "నాటకం ఆడానని రాయండి."

వరసంతా నావైపు చూసింది. చూడనీ! కొత్త రూలు ప్రకారం ఆ రెండు రోజుల భృతే కోసేశారు. నా బతుకులో ఇంత ఇష్టంగా ఏదీ పోగొట్టుకోలేదక్కా.

నీ చెల్లెలు,
గంట