రోషం గల ఇద్దరు

మాయాబందర్,
జూన్ 1969

ప్రియమైన భారతీ,

నీ ఉత్తరం నిన్నటి పడవలో ఈ దీవికి వచ్చింది. ప్రార్థన కూటం నడిపే జాలరి సత్యారావు బాగా పాడతాడని, రాత్రంతా చేపల వేటకు వెళ్లొచ్చి కూడా ప్రార్థన మానడని, అతనికి తెలుగు చదవడం రాదు కాబట్టి ఆదివారాలు వాళ్ల క్రైస్తవ గ్రంథం నువ్వే అందరికీ చదివి వినిపిస్తున్నావని రాశావు. నా పేరు మాత్రం కవరు మీద తప్ప లోపల ఎక్కడా లేదు.

అతనితో నాకేం పేచీ లేదు. నా పేచీ అతని దేవుడితో. మా ఆఫీసులో కరెన్ తెగ మిత్రుడొకడు క్రైస్తవుడు. అతని దగ్గర అదే గ్రంథం హిందీలో తెచ్చుకుని చదువుతున్నాను. యేసుకు తాత ఎవరయ్యా అంటే ఒకచోట యాకోబు, ఇంకోచోట హేలీ. తాత పేరే తేలని చోట మిగతావి ఎలా నమ్మాలి? పైగా ఆ దేవుడు ఒక రాజు మనసును తానే బండగా చేసి, ఆ బండతనానికి శిక్షగా దేశంలోని తొలిచూలు పసివాళ్లను చంపాడట. సత్యారావుని అడుగు. అడిగినప్పుడు అతని మొహం ఎలా ఉందో కూడా రాయి.

ఇక్కడ ఇంకా క్వార్టర్స్ ఇవ్వలేదు. ఒక గదిలో నలుగురం సర్దుకుంటున్నాం. ఆరోగ్యం జాగ్రత్త.

నీ చలపతి

మిడిల్ పాయింట్,
జూలై

ప్రియమైన శ్రీవారికి నమస్కారాలు.

ఇన్నాళ్లూ మీ ఉత్తరమంటే ‘నేను క్షేమం, నీ క్షేమం తెలుపు’. ఈసారి రెండు పేజీలు! ఆ దేవుడి చలవే అనుకున్నాను.

మీరు చెప్పినట్టే అడిగాను. తాత సంగతి తెలియదని నవ్వేశాడు. పసివాళ్ల మాట ఎత్తేసరికి లేచి బయటికి వెళ్లిపోయాడు. కిందటేడు అతని పిల్లవాడు జ్వరంతో పోయాడట. నాకు తెలియదు. ఎందుకడిగానా అని రెండు రోజులు అన్నం సహించలేదు.

వచ్చే నెల సముద్రంలో బాప్తిస్మాలు ఇస్తారు. నన్నూ అడిగారు. ఇంకా ఏమీ చెప్పలేదు.

మీ భారతి

మాయాబందర్,
జూలై

భారతీ,

పరాయి మనిషి బాధపడితే నీకు అన్నం సహించలేదా? నేనిక్కడ మలేరియాతో మూలుగుతూ పడుకున్నప్పుడు నీ భోజనం ఆగిందా?

దాచను. నాకు కుళ్లుగా ఉంది. నా ఇంట్లో వినపడాల్సిన గొంతు ఎవరెవరో వింటున్నారని కుళ్లు.

నీ దేవుణ్ణి ఒక్క మాట అడుగుతాను. ఆయనే ప్రేమ అంటారు. ప్రేమకు అసూయ లేదంటారు. అదే గ్రంథంలో ఆయనేమో, నేను రోషం గలవాణ్ణి, ఇంకొకరికి మొక్కితే ఊరుకోనంటాడు. ప్రేమ ఉన్నవాడికి రోషమెందుకు? రోషమే ఉంటే ప్రేమెక్కడిది?

ఆ నీళ్లలో మునిగావో, నా గడప తొక్కనక్కర్లేదు.

చలపతి

మిడిల్ పాయింట్,
ఆగస్టు

ప్రియమైన శ్రీవారికి,

ముందు నా తప్పు వినండి. కిందటి ఆదివారం చదవాల్సినవి ఆ గ్రంథంలోని ఉత్తరాలు, పూర్వం ఊరూరి సంఘాలకు రాసినవి. పేజీ తిప్పితే మధ్యలో మీ ఉత్తరం ఉంది. నాకేం బుద్ధి పుట్టిందో, మన పేర్లు వదిలేసి అదీ చదివేశాను. వాళ్లకు తేడా తెలియలేదు. అదీ గ్రంథంలోదే అనుకుని తలలు వంచుకుని విన్నారు. ‘కుళ్లుగా ఉంది’ దగ్గర ఆపుదామనుకున్నాను, గొంతు ఆగలేదు.

చేపలమ్మే సింహాచలమ్మ చివరంటా విని కళ్లు తుడుచుకుంది. “ఈ బాబెవులో గానీ దీదీ, పెళ్లాం మీద బెంగెట్టుకున్నాడు. ఆ మాట సెప్పనేక అన్నీ దేవుడి మీదెట్టి అడుగుతున్నాడు” అంది. అందరూ ఆమెన్ అన్నారు.

బాప్తిస్మం వద్దని చెప్పేశాను. గెలిచానని సంబరపడకండి. వారం వారం చదివేదాన్ని, మీకు కనిపించిన చిక్కులు నాకు కనిపించవా? ఆదివారమంతా ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చోలేక, నలుగురి నోట తెలుగు వినపడుతుందని వెళ్లాను. అంతకు మించి ఏమీ లేదు.

మీ ప్రశ్నకు జవాబు మీరే. ప్రేమ ఉన్నవాడికి రోషమెందుకో మీకు తెలియదా? మీరూ ఆయనా ఒకటే. నేను పక్కకు చూస్తే ఇద్దరికీ రోషం. ఇద్దరూ దూరాన కూర్చుని ఆజ్ఞలు పంపుతారు. వచ్చి ఈ గదిలో ఒక్క పూట కూర్చున్న వాళ్లు లేరు.

ఆయన ఉన్నచోటికి పడవ లేదు. మీ దగ్గరికి ఉంది. టిక్కెట్టు తీసుకున్నాను. క్వార్టర్స్ సంగతి నేను దిగాక చూసుకుందాం. ఈ ఉత్తరం, నేను ఒకే పడవలో వస్తున్నాం. ఏది ముందు కనిపిస్తే దాన్ని అందుకోండి.

మీ
భారతీదేవి