తొమ్మిది ఇంటు గుర్తులు

పీలమేడు,
జూలై 7

ఫోనులో నా అరుపు తప్ప మాట వినబడని చెల్లమ్మాళవ్వకు,

నీ మనవరాలు దర్శిని దండాలు. నువ్వు నేర్పిన తెలుగు అక్షరాలు నీకు ఉత్తరం రాయడానికి తప్ప ఈ తమిళ ఊళ్లో ఇంకెక్కడా పనికిరావడం లేదు. చాలా అలసిపోయానవ్వా. పొద్దున నుంచి సాయంత్రం ఆరు దాకా మాట పోయినవాళ్ల ఎదురుగా కూర్చోవడమే నా చదువు. వైద్యం నిర్ణయించేది లోకేశ్వరి మేడం. ఆమె చెప్పిన అభ్యాసాలు చేయించి, జవాబు వస్తే టిక్కు, రాకపోతే ఇంటు పెట్టడం మాలాంటి అసిస్టెంట్ల పని. మాటే మనిషికి మొదటి హక్కని మాట్టుతావణి బస్టాండులో కొన్న చిన్న పుస్తకాల్లో చదివి, లోకమంతటికీ నోరిప్పిస్తానని వచ్చినదాన్ని. ఇప్పుడు ఒక ముసలామె నోరు నేనే మూయించాను.

ఆమె పేరు పంకజవల్లి. పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. మాట పోయింది, బుద్ధి పోలేదు. మనవాళ్లే. ఇంటిమాట తెలుగు తెలిసినదాన్నని మేడం నన్ను ఆమె దగ్గర కూర్చోబెట్టారు. చెంబు, దువ్వెన, ఆవు బొమ్మలు చూపిస్తే కష్టపడి ఒక్కో మాట అంటుంది. రెండు మాటలు కలిపి ఇంతవరకు చెప్పలేదు. కాగితంలో చివరి ప్రశ్న, "మీ ఇంటాయన పేరేమి?" ఎనిమిది రోజులు అడిగాను. ఎనిమిది రోజులూ తల దించుకుంది. ఎనిమిది ఇంటులు పెట్టాను.

పేరు గుర్తు రాక కాదవ్వా, మొగుడి పేరు పలకకూడదని! ఆయన పోయి పదేళ్లైనా! నాకు ఒళ్లు మండింది. ఇది బానిసతనమని నేను చదివిన ప్రతి పుస్తకమూ చెబుతుంది. తొమ్మిదో రోజు, అంటే నిన్న, కుర్చీ దగ్గరికి లాక్కొని, "చెప్పండి, ఎవరూ కొట్టరు" అన్నాను. ఆమె మెడ నరాలు ఉబ్బాయి. నుదుట చెమట పట్టింది. చాలాసేపటికి, "గో...కుల... నాయన" అంది.

"కొడుకు పేరు నేనడిగినానా? ఇంటాయన పేరు చెప్పండి! ఇంకా ఎన్నాళ్లు భయపడతారు?" అని అరిచేశాను.

నాతోపాటు నేర్చుకునే జెబమలర్ పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏయ్, పోదుం డీ, చాలు! ఇదేమి మీటింగా? మైకు తెచ్చిపెట్టేదా?"

పంకజవల్లిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ తర్వాత చెంబు బొమ్మకు కూడా నోరు తెరవలేదు. నేను తొమ్మిదో ఇంటు పెట్టి బయటికొచ్చాను.

ఇరవయ్యో తేదీన ఆమె కొడుకు గోకులకృష్ణన్ వస్తాడు. "నాలుగు నెలలాయె, అమ్మ నా పేరు ఒక్క తడవ పిలిచిందా? మారకుంటే ఇంటికి పిలుచుకొని పోతాను" అని ముందే చెప్పాడు. నా కాగితం చూస్తే వైద్యం ఆగినట్టే. ఆయన ముఖం చూడలేను. పంతొమ్మిదినే పెట్టె సర్దుకొని వచ్చేస్తాను. నాయనకు ఇప్పుడే చెప్పకు.

నీ దర్శిని


తిరుమంగళం,
జూలై 11

మూతి కాలినా గంజి ఊదుకోని నా మనవరాలికి అవ్వ రాసే జాబు.

పెట్టె సర్దేది ఉండనీ. నీ జాబు రెండు తడవలు చదివినాను. మీ తాత పేరు నేనూ పలికినదాన్ని కాదు. అది తప్పో ఒప్పో నువ్వు లీవులో వచ్చినప్పుడు కొట్లాడుకుందాము. మీ నాయన సుందరరాజ పుట్టినాక మీ తాతను అందరి దగ్గరా "సుందరరాజ నాయన" అనే చెప్పినాను. ఊరికంతా తెలిసేది. మా ఈడు ఆడోళ్లు ఇంటాయన పేరు చెప్పేదే అట్ల.

నువ్వడిగినదానికి ఆయమ్మ జవాబు చెప్పింది కదే! చెప్పలేదని ఎందుకు రాసినావు? రెండు మాటలు కలపలేదంటివి, అవి రెండు కావా? తన పేరు పిలవలేదని కొడుకు బాధపడతాడంటివి, మరి ఆయమ్మ పలికింది ఎవరి పేరు?

కోపంలో నీకు చెవులు పనిచేయవు, నాకు ఎప్పుడూ పనిచేయవు. అంతే భేదం. ఆయమ్మ బిడ్డ వచ్చే దినం నువ్వు ఆడనే ఉండు.

చెవిటి చెల్లమ్మాళ్


పీలమేడు,
జూలై 20

నన్ను పారిపోనివ్వని అవ్వకు,

నీ జాబు అన్నం తింటూ చదివాను. చేయి ఎండిపోయేదాకా లేవలేకపోయాను. మర్నాడు కాగితం పట్టుకొని మేడం ముందు నిలబడ్డాను. ఆమె ఆ తొమ్మిదో ఇంటును చూశారు, నన్ను చూశారు. "విన్నది విన్నట్టు రాసేదే నీ పని. నీకు కావలసింది రాలేదని ఇంటు పెట్టినావు" అన్నారు. తిట్టి ఉంటే తిరిగి అరిచేదాన్ని. తిట్టలేదు. తప్పును రబ్బరుతో చెరపకూడదట. ఒక్క గీత కొట్టి, కింద ఉన్నది కనబడేటట్టు పక్కన సరైనది రాయాలట. అలాగే రాశాను. "కొడుక్కి నేను చెప్పను, నువ్వే చెప్పు" అన్నారు.

ఈరోజు చెప్పాను. తల్లి పక్కనే చక్రాల కుర్చీలో ఉంది.

"సార్, మీ అమ్మ ఆరో తేదీన మీ పేరు చెప్పినారు. నేను ఇంటు పెట్టి, ఆమె మీద అరిచినాను. అప్పటి నుంచే మాట్లాడడం లేదు."

"నా పేరా?" అన్నాడాయన. "ఎట్ల చెప్పింది?"

ఆమె పలికినట్టే విరిచి విరిచి పలికాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత మేడంతో, "నడవనీండి మేడం, ఎన్నాళ్లైనా సరి" అన్నాడు. నావైపు తిరిగి, "నువ్వు మాత్రం మా అమ్మ దగ్గర కూర్చోవద్దు పాపా" అన్నాడు. రెండూ న్యాయమే.

రేపటి నుంచి జెబమలర్ కూర్చుంటుంది. దానికి ఇంటిమాట రాదు. రోజూ అడగాల్సిన తెలుగు మాటలన్నీ తమిళ లిపిలో రాసివ్వడం నా పని. అందుకే ఊరికి రావడం లేదు. రోషంతో కాదు, నిజంగా పని ఉంది.

ఆయన కుర్చీ తోసుకొని పోతుంటే ఆమె చక్రం మీద చేయి వేసి ఆపింది. నోటి మీది కొంగు తీసి నన్ను చూసింది. పెదవులు రెండు మూడుసార్లు కదిలాయి.

"నీ... పేరు?"

తొమ్మిది రోజులు ఆమెను ఒక పేరు అడిగానవ్వా. ఒక్కసారి కూడా నా పేరు చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను. ఆమె విని, పోదామన్నట్టు కొడుక్కి చేయి చూపింది. మన్నించిందో లేదో తెలియదు.

ఆ కాగితంలో నేను అడిగే ప్రశ్నలకే గళ్లున్నాయి. ఆమె అడిగినదానికి లేదు. అడుగున ఉన్న ఖాళీలో ఆ రెండు మాటలూ రాశాను.

దర్శిని