చీకటి గదిలో కాన్పు

సుబ్బమ్మా,

కాన్పుకు నిన్ను అరసికెరెలో మీ అమ్మ దగ్గరికి పంపుతానని మాటిచ్చి తప్పాను. "పెద్దింటి కోడలు ఎండలో కనపడితే పరువేముంటాది?" అని మా అక్క నిన్ను చీకటి గదిలోనే ఉంచింది. పుట్టిన బిడ్డ మూర్ఛలొచ్చి పోయాడు. మలికాన్పులో, మెత్తబడి వంగిన నీ ఎముకల మధ్య బిడ్డ ఇరుక్కుని, నువ్వూ పోయావు. మన శనక్కాయ చేలల్లో కూలి తల్లుల పిల్లలు బతికారు. మన ఇంట్లో ఆ చావులన్నీ ఒంటికి ఎండ తగలకేనని తర్వాత పుస్తకాల్లో చదివాను.

ఈ ఉదయం, పావగడ డాక్టరు చెప్పాడని, కడుపుతో ఉన్న తన మనవరాలిని అక్క వాకిట్లో ఎండకు కూర్చోబెట్టింది. "ఆ పొద్దు మనకెవురు చెప్పినార్రా?" అంది నాతో.

నువ్వు చెప్పావు. "వదినా, ఒళ్లంతా నొప్పులు, రవ్వంతసేపు ఎండలో కూచుంటా" అని రోజూ బతిమాలావు. పక్కగదిలో చదువుకుంటూ నేను విన్నాను. అయినా ఇప్పటికీ నేను నిందించేది ఒక్కరినే, మా అక్క రామక్కను.