అరవై ఎనిమిదా, ఎనభై ఎనిమిదా

పటాన్‌చెరు,
ఆగస్టు, 2001.

ప్లాంట్ మేనేజరు గారికి,
కంట్రోల్ రూమ్ ఆపరేటర్ నమస్కరించి విన్నవించుకునేది.

ఇంత పెద్ద మానిటర్ కొని సగం రెజల్యూషనే వాడటం దండగని, తమరే దాన్ని ఆఖరి అంకె దాకా పెంచి వెళ్లారు. అప్పటినుంచి అంకెలు ఆవగింజల్లా ఉన్నాయి. తెర సెకనుకు ఎన్నిసార్లు వెలుగుతుందో ఆ రిఫ్రెష్ రేటు అరవైకి పడిపోయి తెర వణుకుతోంది. నేను రెజల్యూషన్ తగ్గించి, రేటు ఎనభై అయిదు పెడితే వణుకు ఆగింది. కంపెనీ స్థాయి తగ్గించానని మెమో వచ్చింది, మళ్లీ పెంచేశాను. తలనొప్పులని మొరపెట్టుకుంటే అందరికీ కళ్లజోళ్లు ఇప్పించారు. కృతజ్ఞులం. ఇప్పుడు వణుకు మరింత స్పష్టంగా కనబడుతోంది.

నిన్న రియాక్టర్ వేడి అరవై ఎనిమిదో, ఎనభై ఎనిమిదో తేలలేదు. "అన్నా, జెర నువ్వే సూడు, నా కండ్లకెల్లి నీళ్లు కారుతున్నయి" అన్నాడు హెల్పర్ పోచయ్య. వాచ్‌మన్‌నీ పిలిచి ముగ్గురం చూశాం. ఇద్దరం అరవై ఎనిమిది అన్నాం కనుక అదే ఖాయం చేశాం.

రియాక్టర్ ఒప్పుకోలేదు.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. మానిటర్ క్షేమం. తమరు పెట్టిన రెజల్యూషన్ చెక్కుచెదరలేదు. షెడ్డుకు పైకప్పు మాత్రం దయచేసి మంజూరు చేయించగలరు.

విధేయుడు,
కంట్రోల్ రూమ్ ఆపరేటర్