కొండకర్ల ఆవలో నా ఓడ

అనకాపల్లి,
5-2-1947

నాన్నా, మీ పాదాలకు దణ్ణం. మేమంతా బాగున్నాం. మా అత్తగారు నేను చేసిన బొమ్మ ఓడను పొయ్యిలో పెట్టేశారని ఎవరో మీతో అన్నారట, నమ్మకండి. "ఆడదానికి ఓడలెందుకే? పొయ్యిలోకెట్టేత్తాను" అని కేకలేసిన మాట నిజమే గాని, పెట్టలేదు.

మన భీమిలి రేవుకు వచ్చే మూడు తెరచాపల ఓడ లాంటిదే అది. ఏటికొప్పాక నుంచి అంకుడు కర్ర తెప్పించి ప్రతి పలకా నేనే చెక్కాను. మొన్న చుట్టాలింటికి కొండకర్ల వెళ్ళినప్పుడు అక్కడి పెద్ద చెరువులో, అదే ఆవలో, వదిలితే పక్కకి ఒరిగిపోయింది. గట్టు మీద జనం నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అత్తగారు మాత్రం, "నవ్వుతారేటర్రా? మా కోడలు సేసిందది, మునగదు!" అని అందరి మీదా విరుచుకుపడ్డారు. రేవులో ఖాళీ పడవలు ఒరిగిపోకుండా అడుగున ఇసక బస్తాలు వెయ్యడం గుర్తొచ్చి, ఓడ అడుగున గులకరాళ్ళు సర్ది మళ్ళీ వదిలాను. ఈసారి గాలికి తెరచాపలు ఉబ్బి, తామరాకుల పక్కనుంచి నిటారుగా సాగిపోయింది. మా ఆయన దోనెలో వెంటపడి పట్టుకొచ్చారు!

అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? అన్నయ్య వచ్చేటప్పుడు సన్న ఉలి ఒకటి, తెరచాపలకి పాత మల్లుపంచె ముక్కా పంపండి. ఓడ ఇప్పుడు వీధి గదిలో ఉంది. వచ్చినవాళ్ళందరికీ అత్తగారే చూపిస్తున్నారు, నన్ను ముట్టుకోనివ్వడం లేదు.

అమ్మకు దణ్ణాలు, చెల్లికి ముద్దులు.

మీ కూతురు,
అప్పలకొండమ్మ